ఇన్‌స్క్రిప్షన్: చీకటి గుడిసెలో మొదటి అంకం దాటడానికి సమగ్ర మార్గదర్శి

చుట్టూ చిమ్మచీకటి. మీ ముందు ఒక బల్ల, దాని మీద కొవ్వొత్తుల వెలుగు. అవతల కూర్చున్న మనిషి ముఖం కనిపించదు, రెండు కళ్ళు మాత్రం మెరుస్తుంటాయి. అతను కథ చెబుతూ కార్డులు పరుస్తాడు. ఓడిపోతే ఏమవుతుందో మొదటిసారి ఓడినప్పుడే తెలుస్తుంది. ఇన్‌స్క్రిప్షన్ మొదలయ్యేది ఇలా.

డేనియల్ మలిన్స్ తయారు చేసిన ఈ కార్డుల వీడియో గేమ్‌ను డివాల్వర్ డిజిటల్ సంస్థ 2021 అక్టోబర్ 19న విడుదల చేసింది. దీనికి విత్తనం 2018 డిసెంబర్‌లో పడింది. లూడమ్ డేర్ అనే గేమ్ తయారీ పోటీలో ఆసారి ఇచ్చిన అంశం ‘బలులు తప్పవు’ అన్న అర్థం వచ్చే మాట. దాని మీద మలిన్స్ చేసిన చిన్న ఆటే పెరిగి పెద్దదై ఇలా వచ్చింది. 2022లో ఇండిపెండెంట్ గేమ్స్ ఫెస్టివల్ గ్రాండ్ ప్రైజ్, గేమ్ డెవలపర్స్ చాయిస్ అవార్డుల్లో గేమ్ ఆఫ్ ది ఇయర్ రెండూ దీనికే దక్కాయి.

ఈ పుట్టుక సంగతి ఎందుకు చెబుతున్నానంటే, ఆట మొత్తానికి తాళంచెవి అందులోనే ఉంది. నేను మొదట్లో వరసగా ఓడిపోయింది బలి ఇవ్వడానికి చేతులు రాకే. మంచి కార్డ్ కనిపిస్తే డెక్‌లో, అంటే నా కార్డుల కట్టలో వేసుకోవడం, ఉన్నవాటిని ఒక్కటీ పోనివ్వకుండా కాపాడుకోవడం, ఇదే నా పద్ధతి. అలా పోగేసిన లావుపాటి డెక్‌లోంచి కావాల్సిన కార్డ్ కావాల్సిన సమయానికి వచ్చేది కాదు. ఏది వదులుకోవాలో తెలిసిన రోజు నుంచే గెలవడం మొదలుపెట్టాను. కింద రాసినదంతా ఆ ఒక్క విషయం చుట్టూనే తిరుగుతుంది.

ఇది మొదటి అంకానికి, అంటే గుడిసెలో జరిగే భాగానికి మార్గదర్శి. కొత్తగా ఆడేవాళ్ళు ఎక్కువగా ఆగిపోయేది అక్కడే. తర్వాత వచ్చేవాటిని, గుడిసెలోని పజిల్స్ జవాబులను కావాలనే రాయడం లేదు. ఈ గేమ్‌లో సగం భయం, సగం ఆనందం వాటిని మీ అంతట మీరు కనుక్కోవడంలోనే ఉన్నాయి.

మొదలుపెట్టే ముందు

మెయిన్ మెనూలో ‘న్యూ గేమ్’ నొక్కుడు పడదు. ‘కంటిన్యూ’ ఒక్కటే పనిచేస్తుంది. గేమ్ పాడైందేమోనని మళ్ళీ ఇన్‌స్టాల్ చేయకండి, అది కథలో భాగమే. కంటిన్యూ నొక్కి లోపలికి వెళ్ళండి.

హెడ్‌ఫోన్స్ ఉంటే పెట్టుకోండి. చెక్క కిర్రుమనడం, కార్డ్ బల్ల మీద పడిన చప్పుడు, త్రాసులో బరువు పడ్డ ‘టింగ్’ శబ్దం, ఇవన్నీ కలిసి తెచ్చే టెన్షన్ స్పీకర్లలో సగం కూడా రాదు.

ఇంకో మాట. ఈ ఆటలో పన్ను పీక్కోవడం, కంటికి సంబంధించిన హింస లాంటి దృశ్యాలు ఉన్నాయి. రక్తం ధారలు కట్టి చూపించరు కానీ, మన చేత్తో మనమే చేయాల్సి రావడం వల్ల ఒళ్ళు జలదరిస్తుంది. అలాంటివి పడనివాళ్ళు ఈ సంగతి తెలుసుకునే మొదలుపెట్టాలి.

మొదటి అడుగు: త్రాసును చదవడం

ఇక్కడ ఎవరి ప్రాణం ఎంత అని అంకెలు ఉండవు. బల్ల మీద ఒక త్రాసు ఉంటుంది. మీరు ఎదుటివాణ్ణి కొట్టిన ప్రతి దెబ్బకూ అటువైపు ఒక బరువు పడుతుంది, అతను కొడితే మీ వైపు పడుతుంది. తేడా 5కు చేరిన క్షణాన మ్యాచ్ అయిపోతుంది. అంటే మీరు 3 దెబ్బలు తిని ఉంటే, గెలవడానికి 5 చాలదు, 8 కొట్టాలి. అదే సమయంలో, మీరు కొట్టే ప్రతి దెబ్బా మిమ్మల్ని ఓటమికి ఒక అడుగు దూరం కూడా జరుపుతుంది. అందుకే ఈ ఆటలో దాడి చేయడం కూడా కాపాడుకోవడమే. గోడలు కట్టుకుని కూర్చున్నవాళ్ళకు కాలం గడిచేకొద్దీ ఊపిరాడదు.

బల్ల మీద నాలుగు నిలువు వరసలు. ఒక్కో వరసలో మీ గడి ఒకటి, దాని ఎదురుగా అతని గడి ఒకటి. అతని గళ్ళ వెనక ఇంకో వరస ఉంటుంది, రాబోయే కార్డులు అక్కడ నిలబడి ఉంటాయి. మీ కార్డ్ తనకెదురుగా ఉన్న గడినే కొడుతుంది. అక్కడ జంతువు ఉంటే దానికి దెబ్బ, ఖాళీగా ఉంటే దెబ్బ నేరుగా త్రాసు మీద పడుతుంది.

కొత్తవాళ్ళు పట్టించుకోని విషయం ఆ వెనక వరసే. వెనక నిలబడ్డ కార్డ్ ఈ టర్న్‌లో మిమ్మల్ని ఆపలేదు. ముందు గడి ఖాళీగా ఉంటే మీ దెబ్బ త్రాసుకే తగులుతుంది. మీరు గంట కొట్టి టర్న్ ముగించాక అది ముందుకొచ్చి, అదే ఊపులో కొడుతుంది. కాబట్టి ప్రతి టర్న్‌లో మొదట చూడాల్సింది మీ చేతిలోని కార్డుల్ని కాదు, ఆ వెనక వరసని. ఇంకోటి, ముందున్న జంతువును చంపగా మిగిలిన దెబ్బ దాని వెనక నిలబడ్డ దానికి తగులుతుంది. బలమైన కార్డును ఎక్కడ పెట్టాలో తేల్చుకునేటప్పుడు ఈ లెక్క బాగా పనికొస్తుంది.

5 కంటే ఎక్కువ కొట్టి గెలిస్తే, ఆ పైన మిగిలినవి పళ్ళ రూపంలో మీ చేతికి వస్తాయి. అవే ఇక్కడి డబ్బు. వాటి సంగతి మ్యాప్ దగ్గర చెబుతాను.

రెండో అడుగు: రక్తం లెక్క, ఎముకల లెక్క

కార్డ్ పై మూలన రక్తపు చుక్కలు ఉంటే, అన్ని జంతువులను బలి ఇస్తేనే అది బల్ల మీదికి వస్తుంది. ఎముకలు ఉంటే, అన్ని ఎముకలు ఖర్చు పెట్టాలి. మీ వైపు ఏ జంతువు చచ్చినా, బలిగా చచ్చినా దెబ్బ తిని చచ్చినా, మీకు ఒక ఎముక వస్తుంది.

ప్రతి టర్న్‌లో ఒక్క కార్డే తీసుకోవచ్చు. మీ డెక్ నుంచి తీసుకుంటారా, పక్కనున్న ఉడుతల కట్ట నుంచి తీసుకుంటారా అన్నది మీ ఇష్టం. ఉడుతకు ఖర్చు లేదు, బలం (అది కొట్టే దెబ్బ) 0, ప్రాణం (అది తట్టుకునే దెబ్బ) 1. అది పుట్టిందే బలికి.

ఒక మ్యాచ్‌ను దగ్గరగా చూద్దాం. మీ చేతిలో ఉడుత, స్టోట్, తోడేలు, కప్ప ఉన్నాయనుకోండి. స్టోట్ అంటే ముంగిసను పోలిన చిన్న జంతువు. దాని ధర ఒక చుక్క, బలం 1, ప్రాణం 3. తోడేలు ధర రెండు చుక్కలు, బలం 3, ప్రాణం 2. అవతల రెండో వరసలో కొయోటీ నిలబడి ఉంది, బలం 2, ప్రాణం 1.

మొదటి టర్న్. ఉడుతను దించి, బలి ఇచ్చి, స్టోట్‌ను కొయోటీకి సరిగ్గా ఎదురుగా పెట్టండి. ఖాళీ వరసలో పెడితే ఒక దెబ్బ త్రాసు మీద పడుతుంది కదా అనిపిస్తుంది. కానీ అప్పుడు కొయోటీ బతికి రెండు దెబ్బలు కొడుతుంది. ముందు కొట్టేది మీ వైపు. కాబట్టి ఎదురుగా పెడితే స్టోట్ ఒక్క దెబ్బతో దాన్ని చంపేస్తుంది, మీకు గీత కూడా పడదు. అతని వంతులో మూడో వరస వెనక ఒక పిచ్చుక వచ్చి నిలబడింది, బలం 1, ప్రాణం 2.

రెండో టర్న్. డెక్ వైపు చెయ్యి లాగుతుంది, ఆగండి. ఉడుతను తీసుకుని మొదటి వరసలో పెట్టండి. పిచ్చుక ఎదురుగా పెట్టినా లాభం లేదు, అది ఎగురుతుంది కాబట్టి ఉడుత మీంచి వెళ్ళి నేరుగా త్రాసునే కొడుతుంది. గంట కొడితే స్టోట్ ఖాళీ గడి మీద 1 కొడుతుంది. పిచ్చుక ముందుకొచ్చి మీకు 1 కొడుతుంది. త్రాసు మళ్ళీ సమానం.

మూడో టర్న్. ఇంకో ఉడుతను తీసి నాలుగో వరసలో దించండి. రెండు ఉడుతలనూ బలి ఇచ్చి తోడేలును పిచ్చుక ఎదురుగా పెట్టండి. తోడేలు పిచ్చుకను చంపుతుంది, స్టోట్ ఇంకో దెబ్బ వేస్తుంది. త్రాసు మీ వైపు 1 తేడా. అవతల నుంచి కొత్తగా ఏదీ అడ్డం రాకపోతే నాలుగో టర్న్‌లో స్టోట్ 1, తోడేలు 3 కలిసి తేడాను 5కు తీసుకెళ్తాయి. మ్యాచ్ అయిపోయింది. పైగా మూడు ఉడుతలు పోయాయి కాబట్టి మీ దగ్గర మూడు ఎముకలు ఉన్నాయి. రెండు ఎముకల అపోసమ్ కార్డ్ చేతిలో ఉంటే మూడో టర్న్‌లోనే దాన్ని కూడా దించి ఉండేవారు.

రక్తం కార్డులతో నిండిన డెక్‌లో ఒకటో రెండో ఎముకల కార్డులు ఉంచుకోమని చెప్పేది ఇందుకే. ఎముకలు ఎలాగూ పోగవుతాయి. వాడే కార్డ్ లేకపోతే అవి వృథా. అలాగని డెక్ అంతా ఎముకల కార్డులే పెడితే మొదటి రెండు టర్న్‌లలో చేతులు ముడుచుకుని కూర్చోవాలి.

మూడు చుక్కలు, నాలుగు చుక్కల కార్డులు కంటికి ఇంపుగా ఉంటాయి. ఎలుగుబంటిని చూస్తే వదలాలనిపించదు. కానీ మూడు ఉడుతలను బల్ల మీద నిలబెట్టేలోపు త్రాసు ఒరిగిపోతుంది. అలాంటివి డెక్‌లో ఒక్కటి చాలు, అదీ నల్లమేక లాంటిది తోడుగా ఉన్నప్పుడే. నల్లమేకను బలి ఇస్తే ఒక్కటే మూడు చుక్కలకు సమానం.

మూడో అడుగు: సిగిల్స్‌ను గుర్తుపట్టడం

కార్డ్ అడుగున ఉండే మంత్రపు గుర్తునే సిగిల్ అంటారు. అర్థం కాకపోతే దాని మీద రైట్ క్లిక్ చేయండి, బల్ల మీది నియమాల పుస్తకం ఆ పేజీ దగ్గర తెరుచుకుంటుంది. ఆ పుస్తకాన్ని తీరికగా తిరగేయండి. ఎందుకో తర్వాత మీకే తెలుస్తుంది.

అన్ని సిగిల్స్ గురించీ రాస్తే ఇది పుస్తకం అవుతుంది. ఆటను నిజంగా మార్చేవి కొన్నే. ఎగిరే జంతువులు ఎదురుగా ఉన్నదాన్ని దాటి నేరుగా త్రాసును కొడతాయి, వాటిని ఆపగలిగేది కప్పకు ఉన్న ‘మైటీ లీప్’ గుర్తు ఒక్కటే. ‘టచ్ ఆఫ్ డెత్’ ఉన్న పాము తాకితే ఎంత పెద్ద జంతువైనా ఒక్క దెబ్బకు చస్తుంది. మాంటిస్‌కు ఉన్న ‘బైఫర్కేటెడ్ స్ట్రైక్’ ఎదురు గడిని వదిలి దాని అటూ ఇటూ ఉన్న రెండు గళ్ళను కొడుతుంది, అందుకే దాన్ని చివరి వరసలో పెడితే ఒక దెబ్బ గాలికి పోతుంది. ‘అన్‌కిల్లబుల్’ ఉన్న కార్డ్ చచ్చాక మళ్ళీ మీ చేతిలోకి వస్తుంది.

నాకు ఇష్టమైనది పిల్లి. దానికి ‘మెనీ లైవ్స్’ అనే గుర్తు ఉంటుంది, బలి ఇచ్చినా చావదు. ఒకసారి దించితే టర్న్‌కో చుక్క రక్తం ఇస్తూనే ఉంటుంది. చావదు కాబట్టి ఎముక రాదు, ఒక వరస కూడా ఆక్రమిస్తుంది, ఆ రెండే దాని నష్టాలు. దాన్ని తొమ్మిదిసార్లు బలి ఇస్తే ఏమవుతుందో మీరే చూడండి. లేత డెక్‌లో పిల్లి ఒకటి దొరికితే సగం కష్టాలు తీరినట్టే.

అరుదైన కార్డుల్లో ఊరబోరస్ అనే పాము కనిపిస్తే ఆలోచించకుండా తీసుకోండి. చచ్చిన ప్రతిసారీ చేతికి తిరిగి వస్తుంది, బలం 1, ప్రాణం 1 పెరుగుతాయి, ఆ పెరుగుదల మ్యాచ్ ముగిసినా పోదు. దాన్ని పదే పదే బలి ఇవ్వడమే దాన్ని పెంచడం.

నాలుగో అడుగు: మ్యాప్ మీద దారి ఎంచుకోవడం

మ్యాచ్‌ల మధ్య మీ బొమ్మను తోలుపటం లాంటి మ్యాప్ మీద జరుపుతారు. దారులు చీలిన చోట ఎటు వెళ్ళాలన్నది మీ చేతిలో ఉంది. గెలుపోటములు సగానికి పైగా ఇక్కడే తేలిపోతాయని నా నమ్మకం.

బలిరాళ్ళు కనిపించిన దారిని ఎప్పుడూ వదలకండి. అక్కడ ఒక కార్డును శాశ్వతంగా చంపి, దాని సిగిల్‌ను ఇంకో కార్డుకు ఇవ్వొచ్చు. ఒకేసారి రెండు లాభాలు: డెక్‌లో పనికిరాని కార్డ్ ఒకటి తగ్గుతుంది, పనికొచ్చే కార్డ్ బలపడుతుంది. మాంటిస్ గుర్తు తోడేలుకు ఇస్తే, రెండు పక్కలా మూడేసి దెబ్బలు. రెండు వైపులా ఖాళీగా ఉంటే ఒకే టర్న్‌లో 6. మ్యాచ్ అక్కడికక్కడే ముగుస్తుంది.

నెగడు దగ్గర చలి కాచుకుంటూ ఆకలిగా ఉన్న మనుషులు ఉంటారు. మీ కార్డును ఆ మంట దగ్గర పెడితే, నెగడును బట్టి బలం 1 గానీ ప్రాణం 2 గానీ పెరుగుతుంది. మొదటిసారి భయం లేదు. ఇంకోసారి పెడితే మళ్ళీ పెరగొచ్చు, లేదా వాళ్ళు దాన్ని తినేయొచ్చు. డెక్‌కు ప్రాణం లాంటి కార్డును రెండోసారి ఎప్పుడూ పెట్టకండి. నేను అలా ఒక తోడేలును పోగొట్టుకుని ఆ రన్ (మొదలుపెట్టిన దగ్గర్నుంచి గెలుపో ఓటమో తేలేదాకా సాగే ఒక ఆట) మొత్తం కోలుకోలేదు. పోతే పోయిందనుకునే కార్డుతో మాత్రం ధైర్యంగా ప్రయత్నించండి. రింగ్ వార్మ్ అనే నీరసపు పురుగు కార్డ్ ఒకటి ఉంది. ఎందుకూ పనికిరాదని అందరూ వదిలేస్తారు. దాన్ని తిన్న మనుషులు బతకరు. ఇక ఆ రన్‌లో తర్వాత వచ్చే నెగళ్ళ దగ్గర తినేవాళ్ళే ఉండరు.

ఒకే రకం కార్డులు రెండు ఉంటే మైకాలజిస్టుల (పుట్టగొడుగుల శాస్త్రజ్ఞుల) దగ్గరికి వెళ్ళండి. వాళ్ళు రెంటినీ కోసి ఒకటిగా కుడతారు. బలం, ప్రాణం రెండూ కలిసిపోతాయి, డెక్ కూడా ఒక కార్డ్ తగ్గుతుంది. చూడ్డానికి కడుపులో తిప్పినట్టు ఉంటుంది, ఫలితం మాత్రం గొప్పది.

తోళ్ళు అమ్మే మనిషి దగ్గర పళ్ళిచ్చి తోళ్ళు కొనాలి, తర్వాత వచ్చే వ్యాపారి దగ్గర వాటిని కార్డులకు మార్చుకోవాలి. బంగారు తోలుకు అరుదైన కార్డులు వస్తాయి. ఇక్కడ జాగ్రత్త: తోళ్ళు మీ డెక్‌లోనే ఉంటాయి, మ్యాచ్‌లో మీ చేతికి వస్తాయి, వాటిని బలి ఇవ్వడానికి కుదరదు. ఖర్చు లేకుండా దించి అడ్డుగోడగా వాడుకోవచ్చు, అంతే. దారిలో వ్యాపారి దగ్గరలో కనిపిస్తేనే కొనండి.

వడ్రంగి ఇచ్చే టోటెమ్ తల ఒక జంతుజాతిని, అడుగుభాగం ఒక సిగిల్‌ను సూచిస్తాయి. రెండూ కలిపితే ఆ జాతి మొత్తానికి ఆ గుర్తు వస్తుంది. మీ డెక్‌లో ఏ జాతివి ఎక్కువ ఉన్నాయో చూసుకుని తల ఎంచుకోండి. ఎముకల దేవర పీఠం దగ్గర ఒక కార్డును అర్పిస్తే, ఆ తర్వాత ప్రతి మ్యాచ్ చేతిలో ఎముకతో మొదలవుతుంది. అర్పించేది నల్లమేకైతే వరం చాలా పెద్దది. సంచి గుర్తు ఉన్న చోట వస్తువులు దొరుకుతాయి, మూడింటి వరకు దగ్గర ఉంచుకోవచ్చు.

ఆ వస్తువులను దాచుకోకండి. చివరి బాస్ (మామూలు మ్యాచ్‌ల తర్వాత ఎదురయ్యే పెద్ద ప్రత్యర్థి) కోసమని దాచి, అక్కడిదాకా చేరకుండానే ఓడిపోయేవాళ్ళే ఎక్కువ. కత్తెర ఎదుటివాడి కార్డ్ ఒకదాన్ని ముక్కలు చేస్తుంది. గంటగడియారం అతని వంతును ఒకసారి దాటేస్తుంది. విసనకర్ర ఆ టర్న్‌కు మీ జంతువులన్నిటికీ రెక్కలు ఇస్తుంది. పట్టకారతో మీ పన్ను మీరే పీకి త్రాసులో వేస్తారు, అది ఒక దెబ్బకు సమానం. తేడా 4 దగ్గర ఆగి, చేతిలో ఏమీ లేని సమయంలో ఆ ఒక్క పన్ను విలువ తెలుస్తుంది.

మూడు కార్డుల్లో ఒకటి ఎంచుకునే చోట్లు దారి పొడవునా వస్తాయి. మొదట్లో కొన్ని తీసుకోక తప్పదు. మ్యాప్ సగం దాటాక మాత్రం, కొత్త కార్డ్ ఇచ్చే దారి కంటే ఉన్నదాన్ని బలపరిచే దారికే నా ఓటు. డెక్ మరీ చిన్నదైతే ప్రమాదమా అంటే, రెండు కట్టలూ అయిపోతే ‘ఆకలి’ అనే కార్డ్ అవతల పుట్టి మిమ్మల్ని తినడం మొదలుపెడుతుంది. కానీ పదునైన చిన్న డెక్‌తో మ్యాచ్ అంత దూరం పోదు.

ఐదో అడుగు: బల్ల దగ్గర్నుంచి లేవండి

మ్యాచ్‌ల మధ్య కుర్చీలోంచి లేచి గుడిసెలో తిరగొచ్చు. గోడ గడియారం, ఇనప్పెట్టె, అలమర, పజిల్ పెట్టెలు ఉంటాయి. ఇది అలంకారం కాదు. వాటిలో దొరికేవి లేకుండా కథ ముందుకు కదలదు.

స్టోట్ కార్డ్ మీతో మాట్లాడుతుంది. దాని మాటలు వినండి, చిరాకు పడినా వినండి. ఇనప్పెట్టె అంకెలు ఎక్కడ వెతకాలో ముందే ఒక మాటలో చెప్పేశాను. అలమర మీది, పెట్టెల మీది బొమ్మలను బల్ల మీద చూసిన వాటితో పోల్చుకోండి. ఒక పంజరంలో తోడేలు కార్డ్ దొరికితే, దాన్ని కాపాడాలని చూడకండి. ఈ ఆటలో ప్రేమ చూపించే పద్ధతి వేరు. ఎక్కడైనా చిక్కుకుపోతే నెట్‌లో జవాబు వెతక్కుండా ఇంకో రన్ ఆడండి. ఓడినప్పుడల్లా గుడిసెలో ఏదో ఒకటి మారుతుంది, ఎదుటివాడు కొత్త మాట ఒకటి అంటాడు.

ఆరో అడుగు: ముగ్గురు బాస్‌లు

ప్రతి బాస్‌కు రెండు కొవ్వొత్తులు, అంటే త్రాసును రెండుసార్లు ఒరిగించాలి. మొదటి కొవ్వొత్తి ఆరగానే ఆట నియమం మారుతుంది. ఆ మార్పుకు ముందే సిద్ధపడటమే బాస్‌ను గెలిచే కిటుకు.

బంగారం తవ్వే ప్రాస్పెక్టర్ తన మొదటి కొవ్వొత్తి ఆరగానే మీ వైపు ఉన్న ప్రతి జంతువునూ బంగారు ముద్దగా మార్చేస్తాడు. మొదటిసారి ఇది చూసి నేను కాసేపు అలా ఉండిపోయాను, కష్టపడి దించిన నాలుగు కార్డులూ రాళ్ళయిపోయాయి. కాబట్టి అతని చివరి దెబ్బకు అవసరమైనంత బలం మాత్రమే బల్ల మీద ఉంచండి. మిగిలిన మంచి కార్డులు, ఒకటి రెండు ఉడుతలు చేతిలోనే దాచుకోండి. బల్ల మీద ఉన్న బలహీనమైన వాటిని ఆ టర్న్‌లోనే బలి ఇచ్చేస్తే ఎముకలైనా మిగులుతాయి.

చేపలు పట్టే యాంగ్లర్ గాలం వేస్తాడు. మీరు చివరగా దించిన కార్డుకే ఆ గాలం గురి. విరుగుడు తేలిక: మంచి కార్డ్ ముందు దించి, ఆఖరున ఒక ఉడుతను పెట్టి గంట కొట్టండి. ఉడుత పోతుంది, పోనివ్వండి. రెండో సగంలో మీ జంతువుల ఎదుట ఎర బకెట్లు వస్తాయి. బకెట్ పగిలితే అందులోంచి పెద్ద సొరచేప లేస్తుంది. అన్నీ ఒకేసారి పగలగొట్టకండి. ఎగిరే జంతువులుంటే బకెట్ల మీంచి వెళ్ళి త్రాసునే కొట్టండి.

మూడోవాడు ట్రాపర్. అతని ఇనప ఉచ్చు పగిలితే దాని ఎదురుగా ఉన్న మీ జంతువు చచ్చి, దాని బదులు తోలు మీ చేతికి వస్తుంది. ఉచ్చు ఎదుట ఉడుతనో, పోయినా ఫర్వాలేదనుకున్న దాన్నో నిలబెట్టండి. ఆ తోళ్ళు పారేయకండి, రెండో సగంలో అతను వ్యాపారిగా మారి బేరానికి దిగుతాడు. అప్పుడు తోళ్ళతో అతని కార్డులనే కొని మీ వైపు తిప్పుకోవచ్చు. చేతిలో తోళ్ళు లేనివాళ్ళు అక్కడ కార్డుల గోడ ముందు నిలబడిపోతారు. మ్యాప్ మీద చివర్లో మిగిలిన పళ్ళతో తోళ్ళు కొనడం లాభమయ్యేది ఈ ఒక్కచోటే.

వీళ్ళ తర్వాత ఎవరున్నారో ఊహించడం కష్టం కాదు. ఆ మ్యాచ్ గురించి ఒక్క మాటే: నాలుగు వరసలకూ అడ్డంగా ఒకే ఒక్కటి వచ్చి నిలబడే ఘట్టం ఉంది, దానికి ప్రాణం 40. నెమ్మదిగా నిలబడి కొట్టే డెక్ కావాలి, ఒక్క దెబ్బ మీదే ఆధారపడిన డెక్ అక్కడ తడబడుతుంది.

ఏడో అడుగు: చావును వాడుకోవడం

రెండు కొవ్వొత్తులు మీకూ ఉన్నాయి. రెండూ ఆరితే రన్ అయిపోతుంది. ఎదుటివాడు కెమెరా తీస్తాడు. మీరే ఒక కార్డ్ అవుతారు.

ఈ చావు కార్డ్ తయారీని తొందరగా దాటేయకండి. ముందు మీ డెక్‌లోంచి కొన్ని కార్డులు చూపించి ఒకదాని ధరను ఎంచుకోమంటారు. తర్వాత ఇంకోదాని బలం, ప్రాణం. ఆ తర్వాత మరోదాని సిగిల్స్. చివరికి పేరు పెట్టాలి. ఆ కార్డ్ తర్వాతి రన్‌లలో మీకు ఎదురవుతుంది, తీసుకోవచ్చు.

అంటే ఓడిపోబోతున్నారని తెలిసిన రన్‌లో కూడా చేయాల్సిన పని ఉంది. డెక్‌లో ఖర్చు లేని కార్డ్ ఒకటి, బాగా బలమైనది ఒకటి, మంచి సిగిల్స్ ఉన్నది ఒకటి ఉండేలా చూసుకోండి. ఖర్చు లేని కార్డుల్లో తోళ్ళు కూడా ఉన్నాయని గుర్తుందా? ఎంపిక కోసం వచ్చే కార్డులు డెక్‌లోంచే కాబట్టి, డెక్ చిన్నదైతే కోరుకున్నవి కనిపించే అవకాశం పెరుగుతుంది. ధర లేకుండా, ఎలుగుబంటి బలంతో, మాంటిస్ గుర్తుతో ఒక కార్డ్ తయారైందంటే, అది చేతికొచ్చిన రన్‌లో మొదటి టర్న్‌లోనే మ్యాచ్ ముగుస్తుంది. నేను మొదటి అంకం దాటింది అలాంటి ఒక చావు కార్డ్ పుణ్యమే. దానికి పెట్టిన పేరు ఇప్పటికీ గుర్తుంది.

గుడిసె దాటాక

మొదటి అంకం గెలిచాక కనిపించేది చూసి ఆట అయిపోయిందనుకుని మూసేయకండి. మెయిన్ మెనూకు తిరిగి వెళ్ళండి. మొదట్లో నొక్కుడు పడని ఆ బటన్‌ను ఇప్పుడు చూడండి. తర్వాతి అంకాల్లో బొమ్మల తీరు, నియమాలు, కథ చెప్పేవాళ్ళు అన్నీ మారతాయి. రక్తం, ఎముకలు కాక ఇంకో రెండు రకాల ఖర్చులు వస్తాయి. ఈ గుడిసెను ఇష్టపడ్డవాళ్ళకు అక్కడ కొంచెం వెలితిగా ఉంటుంది, నాకూ అనిపించింది. కథ కోసం ఓపిక పట్టండి, చివరి గంట ఆ ఓపికకు తగినట్టు ఉంటుంది.

కథంతా ముగించాక మళ్ళీ అదే బల్ల దగ్గర కూర్చోవాలనిపిస్తే, 2022 మార్చి 17న ఉచితంగా వచ్చిన కేసీస్ మాడ్ ఉంది. కథ పక్కన పెట్టి గుడిసెలోని కార్డ్ ఆటను మాత్రమే మళ్ళీ మళ్ళీ ఆడుకోవచ్చు. మొదలుపెట్టే డెక్ మీరే ఎంచుకుంటారు, ఆటను కష్టతరం చేసే షరతులను ఒక్కొక్కటిగా మీరే తగిలించుకుంటారు. షరతులు లేకుండా రెండు మూడు రన్‌లు ఆడి, చేయి కుదిరాక ఒక్కోటి కలుపుకుంటూ వెళ్ళండి.